ఖాళీ పీట

వేలంశాల వెనక గది. గోడలకు ఆనించిన పాత పటాలు. వాటి మధ్య స్టాండు మీద ఒకటి, గుడ్డ కప్పుకుని. అవతల హాల్లో పాట మొదలైంది. భార్య పోయిన పెద్దాయన, ఆ భార్య తమ్ముడు ఒకే బెంచీకి చెరో చివర కూర్చుని ఉన్నారు, మధ్యలో ఇంకో ముగ్గురు పట్టేంత చోటు వదిలి.

“అది కాదు బావా, నా మాట విను.”

“విన్నాను. పేపర్లో ఆ ప్రకటన ఇంకోసారి చదువు.”

“రెండుసార్లు చదివాను కదా.”

“మూడోసారి చదువు. వేలంపాటేగా, మూడుసార్లు అంటే గాని తెగదు.”

“సరే, విను. ‘కుర్చీలో స్త్రీ, ఖాళీ పీట. కాన్వాసుపై తైలవర్ణం. పందొమ్మిదో శతాబ్దం చివరిది.’ చాలా?”

“ఖాళీ అనే ఉందా?”

“ఖాళీ అనే ఉంది. పీట మీద ఎవరూ లేకపోతే ఖాళీ అనక నిండు అంటారా?”

“పేపరోళ్ళు తప్పు రాసుంటారు.”

“పేపరోళ్ళు రాసింది కాదు, వేలంశాల వాళ్ళే రాసిచ్చింది. అయినా ఆ పీట గొడవ నీకెందుకు? పొద్దున్నే ఇన్ని బస్సులు మారి వచ్చింది పీట కోసమా?”

“పటం కోసం. పాటలోంచి తీసెయ్యమను. నేను తీసుకుపోతా.”

“తియ్యను.”

“తీస్తావు.”

“తియ్యనంటే తియ్యను బావా. అది మా తాతమ్మ పటం. నీ తాతమ్మ కాదు. అక్క పెళ్ళికి ఇస్తూ అమ్మ నలుగురిలో చెప్పింది, అక్క ఉన్నన్నాళ్ళూ అక్క దగ్గర, తర్వాత నా దగ్గర అని. నువ్వూ ఉన్నావు అక్కడ.”

“ఉన్నాను. నీ దగ్గర అంది. నీ దగ్గర్నుంచి సంతకి అనలేదు.”

“ఫ్లాటులోకి మారాం. ఆ పటం చట్రానికే మా గోడ చాలదు. పెద్ద గోడలున్నవాళ్ళు కొనుక్కుంటారు, బాగా చూసుకుంటారు. అందులో తప్పేముంది?”

“గోడ చాలకపోతే తాతమ్మని అమ్ముతావా? రేపు మంచం చాలకపోతే ఎవర్ని అమ్ముతావు?”

“నోరు అదుపులో పెట్టుకో.”

“నువ్వు చెయ్యి అదుపులో పెట్టుకున్నావా? మీ అక్క పోయి అప్పటికి వారం తిరగలేదు. మిగిలిన మందులు షాపులో తిరిగిచ్చి రావడానికి నేను వీధి మలుపు తిరిగానో లేదో, కూలీల్ని వెంటేసుకొచ్చి గోడ మీంచి ఊడబీక్కుపోయావు. దొంగ కూడా ఇంట్లో ఏడుపు ఆగేదాకా ఆగుతాడు.”

“నువ్వుంటే రానిచ్చేవాడివా? చెప్పు. గేటు దాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయానో నీకు తెలుసా? చివర్రోజుల్లో కూడా అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది, నేను గేటు బయటినుంచి చెయ్యి ఊపాను. సొంత అక్క బావా! రైల్లో పోయేవాళ్ళకి ఊపినట్టు ఊపాను.”

“గేటు బయటే నీ చోటు.”

“ఆ గేటొకటి! ఏడాదికో రంగు. ఒక ఏడు నీలం, ఒక ఏడు పచ్చ, ఒక ఏడు నారింజ. చివరికి గులాబీ దగ్గర ఆగి తుప్పు పట్టింది. వీధిలో నీకేం పేరో తెలుసా? రంగుల గేటాయన. మొహాన నవ్వు లేదు గాని గేటుకి మాత్రం ముస్తాబు, అనేవాళ్ళు.”

“అననీ.”

“అక్కకేమైనా మతి చలించి ఈ రంగులు వేయిస్తోందా అన్నవాళ్ళూ ఉన్నారు.”

“ఎవడన్నాడు?”

“నేను కాదు.”

“నువ్వన్నది నాకు గుర్తుంది. అది చాలు. వేరేవాళ్ళది అక్కర్లేదు.”

“ఏమన్నాను?”

“హాల్లో పాట ఎంతదాకా వచ్చిందో చూసి రా.”

“మాట మార్చకు. ఏమన్నాను బావా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పావా ఏమన్నానో? తలుపు వేశావు. అంతే.”

“‘పోనీలే అక్కా, ఇంకొకరు పుడతారు.’”

“ఏంటీ?”

“పిల్ల పోయిన పూట. వాకిట్లో నిలబడి అన్నావు. అరటిపండు ఒలుచుకుంటూ అన్నావు.”

“ఆ మాటకా? ఇన్నేళ్ళూ ఆ మాటకా! ఓదార్చాలని అన్నాను బావా. అప్పటికి నాకింకా మీసం కూడా రాలేదు.”

“నోరొచ్చిందిగా.”

“చిన్నపిల్లాణ్ణి...”

“పుట్టారా?”

“ఎవరు?”

“ఇంకొకరు. పుట్టారా?”

“లేదు.”

“మరి?”

“అక్క ఆ మాట ఎప్పుడో మర్చిపోయింది. నీకు తెలీదేమో, మేం ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం.”

“తెలుసు. ఆరింటికి. అందుకేగా ఆ వేళకి నేను వీధిలోకి పోయేవాణ్ణి. మీ అక్క మంచిది. నేను కాదు.”

“ఇప్పటికైనా...”

“ఇప్పటికి లేదు, ఎప్పటికీ లేదు. పటం తియ్యి. లేకపోతే నేనే పోయి పాడతా.”

“ఇక్కడ నోటితో పాడరు బావా. ముందుగా పేరు రాయించుకుంటే అంకె వేసిన చెక్క ఇస్తారు, అది ఎత్తాలి. ఉత్త చెయ్యి ఎత్తితే మంచినీళ్ళు కావాలేమో అనుకుంటారు. దాని మూలన సంతకం ఉంది, ఇళ్ళకెళ్ళి బొమ్మలు వేసినాయనదట. ఆయనవి దొరకడమే గగనమట. ముందు వరసలో బట్టతలాయన పొద్దుట్నుంచి దానికోసమే కాచుకుని ఉన్నాడు.”

“బట్టతలకి మీ తాతమ్మ ఎందుకు?”

“నవ్వమంటావా, ఏడవమంటావా?”

“ఆ గుడ్డ తియ్యి ముందు. నేను చూడాలి.”

“డాక్టరమ్మ వచ్చి తీస్తుంది. మనం ముట్టుకోకూడదు. అదిగో, వస్తోంది.”

“నమస్తే సార్. మీ పటం వంతు దగ్గరికొచ్చింది, హాల్లోకి తీసుకెళ్ళాలి. వీరు?”

“మా బావ. బావా, పటం బాగుచేసింది ఈవిడే. ఇక్కడందరూ డాక్టరమ్మ అంటారు.”

“బొమ్మలక్కూడా డాక్టర్లా?”

“ఉంటారండీ. జబ్బులు కూడా మనుషులవే. పచ్చబడటం, పగుళ్ళు, ముడతలు.”

“దీనికేం జబ్బు చేసింది?”

“మీరే చూడండి. తీస్తున్నా. ఇదిగో! మా దగ్గరికొచ్చినప్పుడు వార్నిష్ అంతా పొగబారి ఉండేది. ఇప్పుడా ముఖం చూడండి, నిన్న కడిగినట్టు లేదూ? ఆ శాలువా అంచు...”

“పిల్లేది?”

“ఏంటండీ?”

“పీట మీద పిల్లేది?”

“ఓ, మీరు ముందే చూశారా! అది అసలు బొమ్మలోది కాదండీ. తర్వాత ఎవరో పైన పూశారు. చూడగానే అనుమానం వచ్చింది నాకు. మెడ లేదు. రెండూ ఎడమకాళ్ళే. పైగా అది బొమ్మలకి వేసే రంగే కాదు.”

“మరేం రంగు?”

“ఇనప గేట్లకి వేస్తారే, ఆ రంగు.”

“గేట్లకా? బావా...”

“నువ్వు మాట్లాడకు. నువ్వు చెప్పమ్మా. ఎవర్నడిగి తుడిచావు?”

“అడక్కుండా ముట్టుకోమండీ. వీరినే అడిగాం. చిన్నప్పుడు ఇంట్లో చూసినప్పుడు పీట ఖాళీగానే ఉండేదన్నారు.”

“ఖాళీగానే ఉండేది బావా, ఒట్టు! ఆ రోజు గోడ మీంచి దించుతుంటే చూశా, ఏదో పిల్ల. వీధి పిల్లలెవరో పాడుచేశారనుకున్నా. నేనేం అబద్ధం చెప్పలేదు.”

“లేదు. నిజమే చెప్పావు. నీ నోటికి అబద్ధంతో పనేముంది? నిజంతోనే కొంపలు కూలుస్తావు.”

“అసలు ఇప్పుడు ఆ ఖాళీలోనే ఉంది సార్ బొమ్మ అందమంతా. చూసినవాళ్ళంతా అదే మాట. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు లేదూ?”

“ఉంది.”

“ఒక విచిత్రం చెప్పనా? నేనెప్పుడూ అలాంటిది చూళ్ళేదు. గులాబీ గౌను పిల్లని తుడిస్తే పీట వస్తుందనుకున్నా. రాలేదు. దాని కింద నారింజ గౌను పిల్ల వచ్చింది, కాస్త పొట్టిది. అది తుడిస్తే పచ్చ గౌను పిల్ల. ఇంకా పొట్టిది. దాని కింద నీలం. దూదితో తుడిచేకొద్దీ పిల్ల చిన్నదైపోతూ వచ్చింది సార్. చివరికి పీట మీద పడుకోబెట్టిన పసిగుడ్డు. అదీ పోయాక, పీట.”

“నీలం, పచ్చ, నారింజ... బావా, ఆ గేటు! గేటుకి తెచ్చిన రంగేనా? మిగిలిన రంగుతో అక్క...”

“గేటుకి ఎవడు తెచ్చాడు? పిల్లకి కొత్త గౌను కావాలి, తెచ్చాను. గౌనుకి చాలినంత చిన్న డబ్బా షాపువాడు అమ్మడు. మిగిలింది పారబొయ్యలేక గేటుకి పూసేవాణ్ణి.”

“ప్రతి ఏడూనా?”

“పిల్ల పెరగదా?”

“బావా...”

“ఇంకా పెరిగితే తాతమ్మ మొహం కప్పేస్తుందని, గులాబీ దగ్గర ఆపింది మీ అక్క. ఎదిగినంత చాల్లే అంది. కాళ్ళు వెయ్యడం ఎప్పటికీ రాలేదు దానికి.”

“అక్క నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఫోన్లో అన్ని కబుర్లు చెప్పేది, ఇది మాత్రం...”

“చెబితే ఏమనేవాడివో దానికీ తెలుసు.”

“ఒక్క ఫోటో అయినా లేదా?”

“కళ్ళు సరిగా తెరవని పిల్లకి ఫోటో ఎవరు తీస్తారు? పీట ఎలాగూ ఖాళీగా ఉంది, తాతమ్మ పక్కనుంటే భయపడదు అంది. గోడకెదురుగా మంచం వేసుకుంది. అంతే.”

“సార్, నాకు తెలీదు. నిజంగా నాకు...”

“నీకెలా తెలుస్తుందమ్మా. నీ పని నువ్వు చేశావు. శుభ్రంగా ఉంది.”

“అమ్మా, హాల్లో చెప్పండి, ఈ పటం పాటలో లేదని. నేను సంతకం పెడతా. బావా, తీసుకుపో. నీదే. ఇప్పుడే బండి మాట్లాడతా, నేనే వచ్చి దింపుతా, గేటు బయటే దింపిపోతా.”

“ఎందుకు?”

“ఎందుకేంటి? దానికోసమేగా వచ్చావు!”

“నేనొచ్చింది నా కూతురి కోసం. ఇది మీ తాతమ్మ. అమ్ముకో.”

“అలా అనకు బావా...”

“బట్టతలాయన కాచుకుని ఉన్నాడన్నావుగా. పో.”

“సార్, పిలుస్తున్నారు. మరి పటం...”

“తీసుకెళ్ళమ్మా. ఆగు, ఒక్క మాట.”

“చెప్పండి.”

“తుడిచిన దూది ఎక్కడ పారేశావు?”