ఒక్క బుడగ కూడా రాలేదు

హలో… ఆ, నేనేనండీ, టీచర్నే. చెప్పండి.

… గుర్తుపట్టాను. మెకానిక్ గారు కదా.

… 'గారు' ఏమిటా? మరేమని పిలవమంటారు? … వద్దు. 'చెల్లెమ్మా' అనకండి. మావారు ఉన్నప్పుడు అన్నారు, పలికాను. ఆయనతోపాటే ఆ వరసా పోయింది.

… ఏడవడానికైతే ఫోన్ చెయ్యనక్కర్లేదు. పనేమిటో చెప్పండి. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

… ఎవరు? మీ షెడ్డు ఓనరా? … నాకు ఫోన్ చేస్తాడా? ఇప్పుడే? … ఏమడుగుతాడట?

… ఓహో. పక్కన కోతపడ్డ టైరుకి ప్యాచ్ వేసి మనిషిని పొట్టన పెట్టుకున్నాడు, ఇలాంటివాడికి షెడ్డు ఇవ్వను అంటున్నాడా? … బండ్లు కూడా రావడం లేదా? … ఊఁ… ఊఁ.

… అంటే, మీరు ముందే వద్దన్నారని నేను చెప్పాలి. చెప్తే షెడ్డు ఉంటుంది, లేకపోతే ఖాళీ చెయ్యాలి. అంతేనా?

… నిజమే. అన్నారు. పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నానుగా, ప్రతి మాటా విన్నాను. టైరు విప్పి లోపల చెయ్యి పెట్టి తీశారు. మీ వేళ్లనిండా నల్లటి పొడి. 'గాలి లేకుండా నడిపావురా, లోపలంతా అరిగి పొడి అయిపోయింది. పైగా కోత పక్కన పడింది. రోడ్డుకి ఆనే చోట మేకు దిగితే ప్యాచ్ వేస్తాను. పక్కన వెయ్యకూడదు, బండి కదిలినప్పుడల్లా అక్కడ రబ్బరు వంగుతుంది, ఏదో ఒకరోజు పేలుతుంది. టైరు మార్చు' అన్నారు. … ఒక్క మాటైనా తప్పిందా?

… తప్పలేదు కదా. ఆయన ఏమన్నారో కూడా గుర్తుంది. 'నువ్వు వేశాక ఎందుకు పేలుతుందిరా!' అన్నారు. మీ భుజం మీద చరిచి, నవ్వుతూ.

… ఆగండి. అక్కడ ఆపేస్తే ఎలా? ఆ తర్వాత ఏం చేశారో కూడా చెప్పండి.

చెప్పరు. నేను చెప్తాను. వేశారు. మీ నోరు వద్దంది, చెయ్యి వేసింది. శుభ్రంగా రుద్దారు, జిగురు పూశారు, ఆరేదాకా నోటితో ఊదారు కూడా. గాలి నింపి, నీళ్లతొట్టిలో ముంచి నన్ను పిలిచి మరీ చూపించారు. 'చూడు చెల్లెమ్మా, ఒక్క బుడగ కూడా రాలేదు' అని. ముచ్చటపడ్డాను నేను. మా ఇంట్లో మనిషి ఏదో గెలిచినట్టు.

… టైరు షాపుదాకా మాత్రమే వెళ్లమన్నారా? అన్నారు. అదీ విన్నాను. బుడగ రాని టైరు పట్టుకుని టైరు షాపుకి ఎవరు వెళ్తారండీ? ఆయనా వెళ్లలేదు. తిన్నగా హైవే ఎక్కారు.

… కాదనలేకపోయారా? … స్నేహితుడు కాబట్టి. … ముక్కూ మొహం తెలియనివాడైతే వేసేవారు కాదు.

అంటే, మీకు పరాయివాడైతే ఆయన బతికుండేవారు.

… మీరడిగింది మీ ఓనరుతో చెప్పను. అదీ నా జవాబు. మీరు వద్దనలేదనే చెప్తాను.

… అబద్ధమే. తెలుసు నాకు. … ఎందుకా? మీరు వద్దన్నారని నేనంటే రేపు జనం ఏమంటారు? 'చెప్పినా వినలేదట, చావు కొనితెచ్చుకున్నాడట' అంటారు. మా అమ్మాయి కాలేజీకి వెళ్లేది మీ షెడ్డు ముందునుంచే. ఆ మాట దాని చెవిన పడాలా? … ఆయన ఎటూ పోయారు, పేరైనా ఉండనివ్వండి. మీకేం, బతికే ఉన్నారు. పేరు మళ్లీ సంపాదించుకోవచ్చు.

… ఫోన్ ఎవరికిస్తున్నారు? —

ఆ, వదినా. … మీ ఆయన తిండి మానేశారా? పెట్టు. కంచం ముందు కూర్చోబెట్టి కలిపి పెట్టు. కూర్చోబెట్టడానికి నీకు మనిషి ఉన్నాడు. … శాపం కాదు వదినా, ఉన్న మాటే అన్నాను. … కాళ్లు పట్టుకుంటావా? ఫోన్లో కాళ్లెక్కడివి? నువ్వు తప్పుకో, ఆయనకివ్వు.

… ఆ. … అవునండీ, టీచరమ్మ అబద్ధమాడదని అందరూ అంటారు. మీరు ఫోన్ చేసింది అందుకేగా. ఓనరు చేసేదీ అందుకే. నేనేం చెప్తే అది నమ్ముతాడు.

… ఏమిటీ? … నేను కాదన్నాక మీరు నిజం చెప్పుకుంటారా? చెప్పుకోండి. 'సిగ్గులేదు, తన తప్పు చచ్చినవాడి మీదికి తోస్తున్నాడు' అంటారు.

చెప్పుకోరు. నాకు తెలుసు. మీరు మంచివారు. ఆ మంచితనం చూసే మా బండి మీద ఇంకొకర్ని చెయ్యి వెయ్యనివ్వలేదు మావారు.

… ఉండండి, ఇంకో ఫోన్ వస్తోంది. … కొత్త నంబరు. … మీ ఓనరుదేనా? … వద్దు, బతిమాలకండి. నాకు వినిపించడం లేదు. కట్ చేస్తున్నాను.

—

నమస్కారమండీ… పరవాలేదు, ఖాళీగానే ఉన్నాను. … ఆ, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. … లేదండీ. … వద్దనలేదు. అలాంటి మాటేదీ అనలేదు. టైరు చూశారు, ప్యాచ్ వేసి ఇచ్చారు. … మావారికా? ఆయనంటే చాలా నమ్మకం. … షెడ్డు సంగతా? అది మీ ఇష్టమండీ, నేనేం చెప్పగలను. … ఆ, మంచిది. ఉంటాను.