గుమ్మం దాటని డిస్కు

"సార్ టీకి దిగారు" అని ఆఫీసు కిటికీలోంచి చెప్పిన గుమస్తా, కిటికీ మూసేసి తనూ నా వెనకే రోడ్డు దాటాడు.

నలుగురం కలిసి ఏడాదిపాటు రాసిన ప్రోగ్రాం మాది. పళ్ల డాక్టర్ల దగ్గరుండే రోగుల వివరాలు పరాయివాళ్ల కంటపడకుండా తాళం వేస్తుంది. అలా తాళం వేసే ప్రోగ్రాం ఏదైనా దేశం దాటాలంటే ఈ ఆఫీసు అనుమతి ఉండాలి. పై దేశం ఆసుపత్రివాళ్లు ఇవాళ ఐదింటి దాకా చూసి, ఇంకొకళ్ల దగ్గర తీసుకుంటామన్నారు. ఇక్కడేమో 'నమూనా డిస్కు జతచేయలేదు' అని రాసి మూడుసార్లు ఫైలు తిప్పి పంపారు. మూడుసార్లూ డిస్కు నా చేత్తోనే ఇచ్చాను.

సంతకం పెట్టాల్సినాయన్ని టీకొట్టులో మొదటిసారి చూశాను. అందరూ తాళాల సార్ అంటున్నారు. బల్ల మీద కాలు మీద కాలేసుకుని అప్పటికే కబుర్లు అందుకున్నాడు.

"సంతకాలు గీకే ఉద్యోగం అనుకుంటున్నారేమో మీరు. మొన్నో ఫైలొచ్చింది, పళ్ల డాక్టర్ల కోసమట. పళ్లకి తాళమేమిటి, ఇందులో ఏదో మతలబుందని వాసన చూసే చెప్పాను. ఈ కంప్యూటర్ పిల్లకాయలకైతే విప్పడానికి ఆరు నెలలు పడుతుంది, నేను కాగితం ఎదురుగా పెట్టుకుని గోళ్లు తీసుకుంటూ విప్పేశాను, ఎడమచెయ్యి పూర్తికాకముందే మొత్తం తేలిపోయింది. లోపల ఏముందో తెలుసా?"

"ఏముంది సార్?" టీకొట్టాయన పాలు తిరగబోస్తూ అడిగాడు.

"జలాంతర్గామి. మరలతో సహా."

గ్లాసు మీది గుండ్రటి మూత తీసి ఓ గుటకేసి మళ్లీ మూసుకున్నాడు. ఆ కొట్టులో ఈగలెక్కువ.

"ఆ తర్వాత ఏమైందో వింటే మీకు నిద్రపట్టదు. నాకు చిక్కిపోయానని ఆ ప్రోగ్రాంకి రోషమొచ్చింది. ముందు మా బీరువాకి తాళం పడింది, తర్వాత లిఫ్టుకి, పెద్దసారు లోపలే ఉన్నాడు పాపం, ఆ తర్వాత ఊళ్లో కుళాయిలన్నిటికీ, చివరికి రేవులో ఓడలకి. ఓడలాగితే ఆగాయి, కింద నీళ్లు కూడా కదలడం మానేశాయి, జనం సముద్రం మీద నడిచివెళ్లి కూరగాయలు తెచ్చుకున్నారు."

"నేనప్పుడు సెలవులో ఉన్నట్టున్నాను" అన్నాడు గుమస్తా.

"నువ్వెప్పుడు పనిలో ఉన్నావు గనక. లిఫ్టులోంచి పెద్దసారు ఫోను, బాబూ నువ్వే దిక్కని. అప్పుడు డిస్కు పట్టుకుని దాని చెవిలో ఒక్క మాట చెప్పాను."

"డిస్కుకి చెవేంటి సార్?"

"మధ్యలో చిల్లుంటుంది కదయ్యా, అదే. ఏం చెప్పానని అడక్కండి, చట్టం ఒప్పుకోదు. అంతే, కుళాయిలు వదిలాయి, ఓడలు కదిలాయి. మర్నాడు అవతలి దేశం అధ్యక్షుడు ఫోన్ చేసి, అయ్యా, మీరా కుర్చీలో ఉండగా మా గూఢచారులకి పనేముంది, అందరినీ ఇళ్లకి పంపేశాను అని ఒకటే ఏడుపు. పదిహేడేళ్ల సర్వీసులో నా సంతకం లేకుండా ఒక్క డిస్కు, ఒక్కటంటే ఒక్కటి, ఆఫీసు గుమ్మం దాటలేదు."

గొంతు తడుపుకోడానికి మళ్లీ మూత ఎత్తాడు. ఎండ తగిలి అది రంగురంగులుగా మెరిసింది. మధ్యలో చిల్లుంది. చుట్టూ నీలం సిరాతో ఫైలు నంబరుంది, అది నా చేతిరాత.

నాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి చాపి ఆ మూత లాక్కున్నాను.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆ జలాంతర్గామి రాసినదాన్ని సార్. జతచేయలేదని మీరు మూడుసార్లు రాసిన డిస్కు ఇదే."

"ఇంకోటి సార్ మంచినీళ్ల కూజా మీదుంది" అనేసి గుమస్తా నాలుక కరుచుకున్నాడు.

టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ, తలెత్తకుండానే అన్నాడు, "గుమ్మం దాటలేదన్నారు. రోజుకి మూడుసార్లు రోడ్డు దాటి నా కొట్టుకొస్తోందిగా సార్."

బల్ల మీద వాళ్లంతా పగలబడి నవ్వారు. తాళాల సార్ నవ్వలేదు.

"పెద్దసారు లిఫ్టులోంచి దిగే ఉంటారు కదా. ఇది ఆయనకి చూపించమంటారా, ఐదు లోపల సంతకం పెడతారా?" అన్నాను.

ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"టీ వదిలేశారే సార్" అన్నాడు టీకొట్టాయన.

"ఈగ పడింది."

ఆ పూట ఆయన నోట వచ్చిన మొదటి నిజం అదే.