ఎంటర్ నొక్కకముందే పచ్చ టిక్కు

"నియమాలు ఎవడైనా రాస్తాడు తమ్ముడూ, వాటిని కోడ్ చేత పాటింపజేయడంలోనే ఉంది మొనగాడితనం!"

ఆఫీసు వెనక గేటు ఎదుట టీ బండి దగ్గర ఫిరంగి బాబాయ్ అప్పుడే మొదలెట్టాడు. ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకు తెలుసేమో గానీ, తక్కిన అందరికీ ఆయన ఫిరంగి. నోరు తెరిస్తే మోత, మోత ఆగితే పొగ. పక్కన సర్వర్లు చూసుకునే తమ్ముడు గ్లాసు ఊదుకుంటూ నిలబడ్డాడు.

టెస్టింగ్ చూసే అమ్మాయి మెట్లు దిగి సరాసరి అక్కడికే వచ్చింది. టీ కోసం కాదు. వాళ్లది బస్సు టికెట్ల సాఫ్ట్‌వేరు. అందులో సీట్ల భాగాన్ని విడదీసి వేరే మెషీన్ మీద నడపాలని ఆఫీసు పెద్దాయన పట్టు. విడదీయవచ్చో లేదో సాయంత్రంలోగా ఆమె తేల్చి చెప్పాలి. సీట్ల కోడ్ ఎక్కడైనా, టికెట్ కొనేవాళ్లకు కనిపించే తెర భాగంలోని కోడ్‌ను దొంగచాటుగా ఇంపోర్ట్ చేసుకుంటూ ఉంటే, అంటే అరువు తెచ్చుకుంటూ ఉంటే, విడదీసిన మర్నాడే ఒకే సీటు ఇద్దరికి వెళ్తుంది. ఒకసారి అలా జరిగినప్పుడు ఫోన్లు ఎత్తింది ఆమే. చంటిపిల్లతో బస్సు దిగిపోయిన తల్లి తిట్లు ఇంకా చెవిలోనే ఉన్నాయి. అలాంటి అరువులు పట్టుకునే టూల్‌ను అమర్చింది ఫిరంగి బాబాయ్. అది చెప్పేది నిజమో కాదో తేలకుండా ఇవాళ కదలకూడదని గట్టిగా అనుకునే దిగింది.

"బాబాయ్, ఆ టూల్‌ను ఎలా అమర్చారు?"

"అలా అడుగు! ఏముందమ్మాయ్, సీట్లవాడు తెరవాడి గడప తొక్కకూడదు అని ఒక్క నియమం రాశా. నడిపా. ఒక్క తప్పు లేదు, పచ్చ టిక్కు పడింది. ఇదో గొప్పా అంటావు. కాదు. గొప్పంతా పాత కంపెనీలో జరిగింది. అక్కడ ఇదే టూల్ పెడితే మొదటి రోజే ఒకడి దొంగ ఇంపోర్ట్ పట్టేసింది. వాడు సెలవులో ఉన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టూలే వాడింటికి ఫోన్ చేసింది!"

"టూలా?" అన్నాడు సర్వర్ల తమ్ముడు.

"మర్యాదగానే మాట్లాడిందిలే. అంతటితో ఆగితే నేనెందుకు చెప్తాను? రెండో వారానికి దానికి ఎంత పదునొచ్చిందంటే, ఎవడైనా తప్పుడు ఇంపోర్ట్ రాయాలని మనసులో అనుకుంటే చాలు, తెర మీద ఎర్ర గీత. ఒక కుర్రాడు ఏమీ టైప్ చెయ్యకుండానే చేతులెత్తేసి ఏడ్చాడు. ఆ తర్వాత అది కోడ్ వదిలి బిల్డింగ్ మీద పడింది. కింది అంతస్తువాడు పై అంతస్తుకు నేరుగా వెళ్లకూడదని నియమం ఉందా లేదా? డైరెక్టరు లిఫ్ట్ ఎక్కితే లిఫ్ట్ కదల్లేదు!"

"మరి ఎలా వెళ్లాడు బాబాయ్?"

"వెళ్లలేదు. కిందే కుర్చీ వేసుకున్నాడు. నన్ను పిలిచి, అయ్యా, నీ నియమం నియమమే అన్నాడు."

కోతలు విని నవ్వుకునే రోజైతే ఆమె కూడా నవ్వేది. ఇవాళ మాత్రం పళ్లు బిగపట్టింది. కోతలరాయుడిని మధ్యలో ఆపితే రెండో కోత మొదలవుతుంది. వాగనిస్తేనే నిజం జారుతుంది.

"ఇంట్లో కూడా పెట్టా," అన్నాడు ఫిరంగి. "మా బావమరిది స్క్రూడ్రైవర్ అరువుకొచ్చాడు. అరువంటే ఇంపోర్టే కదా! గుమ్మంలోనే ఆపేసింది. ఇప్పటికీ అక్కడే నిలబడ్డాడు. రెండు పూటలా కిటికీలోంచి అన్నం పెడుతోంది మా ఆవిడ."

"మొన్న మార్కెట్లో కనబడ్డాడే?" అన్నాడు తమ్ముడు.

"గుమ్మంతో సహా వచ్చుంటాడు. అడ్డు రాకు."

"సరే, ఇక్కడ సంగతి చెప్పండి," అంది ఆమె. "ఇక్కడ అమర్చడానికి కష్టపడ్డారా?"

"కష్టమా! పాత కంపెనీలో రాసుకున్న సెట్టింగుల ఫైలు పట్టుకొచ్చి, ఒక్క అక్షరం కదపకుండా ఇక్కడ పెట్టా. అక్కడి రాజు ఇక్కడా రాజే! ఇక వేగమంటావా, మన కోడ్ ఎంతుంది? కొండంత. ఆ కొండను రెప్పపాటులో చదివేసింది. రెప్పపాటు కూడా కాదమ్మా, నేను ఎంటర్ నొక్కకముందే పచ్చ టిక్కు వచ్చి కూర్చుంది!"

"అది మాత్రం నమ్ముతాను," అంది ఆమె.

ఫిరంగి బాబాయ్ ఛాతీ పొంగింది. ఆయన చెప్పింది ఒకరు నమ్మడం ఎన్నాళ్లకు!

"పొద్దున సీట్ల ఫైల్లో నేనే కావాలని ఒక దొంగ ఇంపోర్ట్ రాశాను బాబాయ్. కాపలా కుక్క మొరుగుతుందో లేదో చూడకుండా దాన్ని నమ్మే అలవాటు మాకు లేదు. మీ టూల్ నడిపాను. పచ్చ టిక్కు. నా దొంగకు సలాం కొట్టి లోపలికి పంపింది. ఎందుకా అని అప్పట్నుంచీ జుట్టు పీక్కుంటున్నాను. ఇప్పుడు మీరే చెప్పారు. ఆ సెట్టింగుల్లో ఏ ఫోల్డర్ చూడమని ఉంది?"

ఆయన పాత కంపెనీ ఫోల్డర్ పేరు చెప్పాడు. సగం చెప్పాక గొంతు తగ్గింది.

"ఆ ఫోల్డర్ మన దగ్గర ఎక్కడుంది?"

ఫిరంగి తుస్సుమంది. "మన దగ్గర లేదమ్మాయ్."

"అదేంటక్కా, లేని ఫోల్డర్ చూసి తప్పుల్లేవని ఎలా చెప్పింది?" అన్నాడు తమ్ముడు.

"చదవడానికి ఫైళ్లే లేవు, తప్పులెక్కడివి? బాబాయ్ ఖాళీ స్థలానికి గొప్ప కాపలా పెట్టారు. అక్కడ దొంగతనం జరగలేదు, నిజమే."

తమ్ముడికి టీ పొలమారింది. ఆయన మొహం చూసి ఆమె గొంతు తగ్గించింది గానీ పట్టు తగ్గించలేదు.

"పదండి బాబాయ్. ఇవాళ విడదీసే ప్రసక్తే లేదని పెద్దాయనకు నేను చెప్తాను, తిట్లు నేనే తింటాను. మీరు ఫోల్డర్ పేరు మార్చి, నా దొంగ దొరికేదాకా కుర్చీ దిగొద్దు."

ఫిరంగి బాబాయ్ గ్లాసు బండి మీద పెట్టి, కండువా లేని భుజం ఒకసారి దులుపుకున్నాడు.

"దొరికితే?"

"దొరికితే, ఎలా పట్టుకున్నారో రేపు ఇక్కడే చెప్పుదురు గాని. నేను కూడా కూర్చుని వింటాను."