కాపరే పిల్లా, కాపురం కాదు

అలా పెదాలు బిగబట్టుకుని కూర్చుంటే మాత్ర ఎలా వెయ్యను అత్తయ్యా? నిన్న వేసుకున్నదే ఇది. ఊఁ, మింగండి. చూశారా, నీళ్ళన్నీ నా మీదే పోశారు.

పోనీలెండి. నా బాధ నీళ్ళ గురించా?

పొద్దున మీరన్న మాట గురించి. గుర్తు లేదు కదూ? ఎలా ఉంటుందిలెండి.

నేను ఈ ఇంటికి వచ్చేనాటికి నాది అయిదో తరగతితో ఆగిపోయిన చదువు. కూడబలుక్కుంటే గాని ఒక్క మాట చదవడం పూర్తయ్యేది కాదు. నలుగురిలో నోరు విప్పాలంటే వణుకు. మీరేమో రోజూ పొద్దున్నే, టైలరు ఇచ్చిన చొక్కాలకి కాజాలు కుట్టడానికి కూర్చోక ముందే, బైబిలు తెచ్చి నా ఒళ్ళో పెట్టేవారు. రోజుకో అధ్యాయం. జ్వరమొచ్చినా సరే. ఆదివారం చర్చిలో ఎలాగూ వింటాం కదా అని ఓసారి నసిగాను. "పై గుండీ ఒక్కటే పెట్టుకుని బజారుకి వెళతావుటే?" అన్నారు. మళ్ళీ నేను నోరెత్తితే ఒట్టు.

గొర్రెల కాపరి కీర్తన మొదటిసారి చదివినప్పుడు, 'కాపరి' అని ఉన్నచోట 'కాపురం' అనేశాను. మీరు కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. "కొత్త పెళ్ళికూతురివి, ఎక్కడ చూసినా నీకు కాపురమే కనిపిస్తోంది. కాపరే పిల్లా, కాపరి" అన్నారు, వేలెత్తి చూపిస్తూ.

ఆ తర్వాత ఎంత బాగా చదివినా ఒక్క మెచ్చుకోలు లేదు. "ఊఁ, తర్వాత?" అంతే.

మీ అబ్బాయిని సమాధి చేసిన మర్నాడు పుస్తకం ముట్టనన్నాను. దేవుడి మీద కోపం వచ్చిందన్నాను. తిడతారనుకున్నా. "కోపంగానే చదువు. ఆయన వింటాడు" అన్నారు. ఏడుస్తూ, అరుస్తూ చదివాను. మీరు నా పక్క నుంచి లేవలేదు. ఆ రోజు చదవకపోయుంటే, ఇంకెప్పుడూ చదివేదాన్ని కాదు. ఈ ఇంట్లో ఉండేదాన్నీ కాదేమో.

ఇప్పుడు మీకు ఒక్కొక్కటే జారిపోతోంది. ముందు మన వీధి పోయింది. పొయ్యి కట్టెయ్యాలన్న ధ్యాస పోయింది. కొడుకు పేరూ పోయింది. నేను 'కాపురం' అంటే మాత్రం ఆ వేలు లేచేది. "కాపరే పిల్లా" అనేవారు.

పిల్లా అంటే నేనే కదా.

అందుకే రోజూ అధ్యాయం అయ్యాక మళ్ళీ ఆ కీర్తనే తీసి, కావాలని తప్పు చదువుతున్నాను. దేవుడు ఏమనుకుంటున్నాడో ఏమో. ఆ ఒక్క పిలుపు కోసం అత్తయ్యా.

ఇవాళా చదివాను. వేలు లేవలేదు. మళ్ళీ చదివాను, కాస్త గట్టిగా.

మీరు నవ్వారు. "బాగా చదివావమ్మా. ఎవరింటి అమ్మాయివి?" అన్నారు.

ఇన్నేళ్ళూ మీ నోట ఆ మెప్పు కోసమే కాచుకుని ఉన్నాను. రానే వచ్చింది. ఏం చేసుకోను?

సరే, ఈ గుక్క కూడా తాగెయ్యండి. రేపటి నుంచి సరిగ్గానే చదువుతాలెండి. దిద్దేవాళ్ళు లేనప్పుడు తప్పు చదివి ఏం లాభం?