నిమ్మకాయల యార్డులో ఒన్స్ మోర్

"తాతా, ఢిల్లీ నుంచొచ్చిన వాళ్ళకి తెనాలి అంతా చూపించింది నువ్వేనంటగా?"

నేనేనమ్మా, ఇంకెవరు. రెండువేల నాలుగో... కాదు, ఐదు. మీ నాన్న పెళ్ళైన ఏడు. పదిమంది కాలేజీ పిల్లలు, ఇద్దరు టీచర్ మేడమ్‌లు. ఊళ్ళ గురించి ఏదో రాసుకుంటారంట. హార్మోనియం మస్తాన్ గారికైతే ఊరంతా తెలుసని ఎవరో చెప్పారు. ఇంక నాకు కాళ్ళు నేల మీద నిలిస్తేగా. పొద్దున్నే కాలవ గట్టు, తర్వాత జిలేబీ కొట్టు. అప్పుడు టీ రెండు రూపాయలే, తెలుసా? ఆ తర్వాత నిమ్మకాయల యార్డు. గుట్టలు గుట్టలు కాయలు చూసి నోరెళ్ళబెట్టారు. ఇవన్నీ లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతాయని చెప్తుంటే, నేనే పండించినట్టు ఒకటే గొప్ప నాకు.

ఇక అసలు ముచ్చట. మన ఊరంటే నాటకం కదా. యార్డులో కాటా వేసే కోటయ్య లేడూ, నా జతగాడు, ఒకప్పుడు కృష్ణుడి వేషం కడితే జనం తోసుకునేవాళ్ళు. టీవీలొచ్చాక పిలిచేవాళ్ళు లేక ఏడెనిమిదేళ్ళు కిరీటం ముట్టుకోలేదు. బతిమాలి ఒప్పించా. "ఇది చప్పగా పోయిందంటే వేషం పెట్టె అమ్మేస్తా మస్తానూ, ఇంక నన్నడగొద్దు" అన్నాడు.

కిరీటం పెట్టుకుని యార్డు అరుగు మీద నిలబడి, నేను హార్మోనియం వాయిస్తుంటే పద్యం ఎత్తుకున్నాడు. ఏం రాగం లాగాడనుకున్నావ్. పద్యం అయిపోయింది. ఆ పిల్లలు చేతులు కట్టుకుని, కిక్కురుమనకుండా కూర్చున్నారు. అదే మర్యాద అనుకున్నారు పాపం. మన దగ్గర పద్యం అయ్యాక "ఒన్స్ మోర్" అని కేక పడకపోతే పాడినోడు చచ్చినట్టే కదా. తప్పు నాదేనమ్మా. ఊరంతా చూపించి ఆ ఒక్క సంగతి చెప్పడం మర్చిపోయా. కోటయ్య మొహం నల్లబడింది. కిరీటం తీసేద్దామని చెయ్యెత్తాడు.

అప్పుడు వెనకాల బస్తాలు మోసే కూలీల్లోంచి ఒక గొంతు లేచింది, ఒన్స్ మోర్ అని. తర్వాత ఇంకోటి. బస్తాలు ఎక్కడివక్కడ దించేసి వచ్చేశారు. ఆ పిల్లలకీ అర్థమై వాళ్ళూ అందుకున్నారు. మూడుసార్లు పాడించారమ్మా. మూడోసారి వాడి గొంతు జీరబోయింది, నాకు కళ్ళు మసకేసి రెండు మెట్లు తప్పు నొక్కా. అయినా ఎవరు వదిలారు?

దిగొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. "వీళ్ళు రోజూ నా పక్కనే ఉన్నార్రా మస్తానూ. ఇన్నేళ్ళూ నేనే పాడలేదు" అన్నాడు.

నువ్వు ఏ పని నేర్చుకున్నా సరే తల్లీ, పక్కనున్నోళ్ళకి ముందు చూపించు. మళ్ళీ చెయ్యమని అడిగేవాళ్ళు నీ చుట్టూ నిండుగా ఉండాలి... చల్లగా ఉండు...