కుంటను జర పక్కకు జరుపు

కొడకండ్ల దగ్గరి ఓ ఊరి పంచాయతీ ఆఫీసు. బయట ఊరంతా కూర్చుంది. లోపల కంప్యూటర్ ముందు నౌషీన్, ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ ఎల్లేశం. కుంట కబ్జా తేల్చాలని ఊరిని లేపినవాడు అతనే.

“గట్ల కాదు కాకా, ఇది ఒక్క పటం కాదు. కింద శాటిలైట్ ఫోటో. దాని మీద మన ఇండ్లు. గిప్పుడు అన్నిటి మీద పాత నక్షా పరుస్తున్న.”

“అద్దం మీద అద్దం పెట్టినట్టు.”

“ఆ, గంతే. ఒక్కొక్క అద్దాన్ని లేయర్ అంటరు.”

“ఏదన్న అను. జనగామ ఆఫీసు చుట్టు చెప్పులరిగేదాక తిరిగి నేను తెచ్చిన నక్షా అది. సంతోష్‌గాని ఇల్లు కుంటల ఉన్నదని తేలాలె. ఇయ్యాల వాని గోడ కూలాలె.”

“పరిచిన. నీలం రంగుది కుంట.”

“సంతోష్‌గాని ఇల్లేది?”

“గిదిగో, ఒడ్డు మీద. తడి గూడ తగుల్తలేదు.”

“మరి నీలంల మునిగిన గా పొడుగు రేకులేంది?”

“నువ్వే చెప్పాలె కాకా.”

“నా... నా కోళ్ల షెడ్డా?”

“మూల గూడ మిగల్లే.”

“నీ మిషన్ ఖరాబైంది.”

“బడికాడి సర్వే రాయి, కట్ట మీది తూము, అన్ని ఫోటోతోని కలిసినయి గద.”

“కలిస్తే కలిసినయి. కుంటను జర పక్కకు జరుపు.”

“కుంటనా?”

“మౌస్ నీ చేతులనే ఉన్నది గద! తూర్పుకు నూకు.”

“నూకిన. బడి మునిగింది.”

“వద్దు వద్దు, పిల్లలున్నరు. ఉత్తరానికి.”

“మసీదు. మా అబ్బా నన్ను ఇంట్లకు రానియ్యడు.”

“అయితే చిన్నగ జెయ్యి కుంటను!”

“ఎకరాలు తగ్గితే పక్కన లెక్కల కనబడ్తది కాకా.”

“పడమటికి నూకు మరి, పడమటికి!”

“నూకిన. ఒక్క ఇల్లే మునిగింది.”

“ఎవలది?”

“మీ అత్తది.”





“ముసల్ది మా ఇంట్ల ఉంటది తియ్యి. గట్లనే ఉంచు.”

“తన అవ్వ ఇల్లు ముంచితే సులోచన చిన్నమ్మ ఊకుంటదా?”

“నా పెండ్లానికి నక్షాలేం తెలుస్తయి? సేవ్ నొక్కు, నొక్కు... బయట గా నవ్వులేందే?”

“గోడ మీద బొమ్మ చూసి.”

“ఏం బొమ్మ?”

“గిదే. దాపరికం లేకుండ అంత గోడ మీద చూపియ్యాలని పొద్దుగాల మైకుల నువ్వే అంటివి. ప్రొజెక్టర్ వైరు గీ కంప్యూటర్‌కు తగిలిచ్చిండ్రు.”

“అంటే... నేను కుంటను నూకుడు...”

“చూసిండ్రు. విన్నరు గూడ. మైకు నువ్వు బంద్ చెయ్యలే.”

“జల్ది బంద్ చెయ్యి! బంద్...”

“ఆగు కాకా, చిన్నమ్మనే వస్తున్నది.”

“ఏమయ్యో! నీ కోళ్లను మా అవ్వ ఇంట్లకు తోలుకపోతున్న, అక్కడికి ఏ కుంట నీళ్లు రావు. ఆ షెడ్డు రేకులు నువ్వు ఇప్పుతవా, ఊరోళ్లతోని నన్నే ఇప్పమంటవా?”