మోగనిచ్చిన ఫోను

ఆఫీసు మెట్ల మీద, తన కప్పూ చెప్పులూ సర్దుకున్న అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఆమె నాన్నకు ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తి "ఏంటి?" అని గద్దించే మనిషి ఇవాళ చాలాసేపు మోగాక గానీ ఎత్తలేదు.

"చెప్పమ్మా."

"ఒంట్లో బాగాలేదా నాన్నా? ఇంతసేపు ఎత్తలేదేం?"

"చేతిలోనే ఉందిలే. ధ్యానం క్లాసులో బౌద్ధ భిక్షువు చెప్పారు, ఫోన్ మోగగానే ఎత్తకండి, కాసేపు మీ ఊపిరిని గమనించుకోండి అని."

"నువ్వు? ధ్యానమా?"

"నవ్వకు. నా నోటికి జడిసి నువ్వు ఫోన్ చేయడమే మానేశావని మీ అమ్మ చేర్పించింది. మొన్న గ్యాసు బండ తెచ్చినవాడు గుమ్మంలోంచి ఫోన్ చేసినా ఇలాగే చేశా. బండతో సహా వెళ్ళిపోయాడు."

ఆమె నవ్వబోయి, పెట్టె అంచు గట్టిగా పట్టుకుంది.

"నాన్నా, ఉద్యోగం మానేశాను. ఇందాకే."

అవతల ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

"నాన్నా? ఉన్నావా?"

"ఫోన్ పెట్టెయ్."

"అది కాదు నాన్నా..."

"కోపమొచ్చిందే, అందుకే. పెట్టేసి మళ్ళీ చెయ్యి తల్లీ. ఇంకాసేపు మోగాలి నాకు."

ఆమె మళ్ళీ చేసింది. ఈసారి, ఇక ఆగిపోతుందేమో అన్నంతసేపు మోగింది.

"ఆ, చెప్పమ్మా," అన్నాడు నాన్న. "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"